సూరత్‌లో నోరు మూసుకుని గెలిచాం

సూరత్ వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతివాళ్ళూ మొదట అడిగిన మాట ఒకటే: చీరలు ఏం తెచ్చావు? ఒక్కటే తెచ్చాను, దాని సంగతి తర్వాత చెప్తాను. నేను సూరత్ వెళ్ళింది పట్టు కోసమే కానీ ఆ పట్టు వేరు. మా విశ్వవిద్యాలయం ఆడపిల్లల కబడ్డీ జట్టుకు మేనేజరుగా వెళ్ళాను.

ఈ మాట చదివి నవ్వుతున్నవాళ్ళు నన్ను ఎరిగినవాళ్ళే అయి ఉంటారు. ఉత్తర తెలంగాణలో ఒక చిన్న విశ్వవిద్యాలయంలో తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. నా క్రీడాజీవితం చెమ్మచెక్కతో మొదలై అష్టాచెమ్మతో ముగిసింది. ఆడపిల్లల జట్టు వెంట ఒక అధ్యాపకురాలు వెళ్ళి తీరాలన్నది నియమం. ఆ వారం మిగతావాళ్ళందరికీ నడుము నొప్పి వచ్చింది. నాకు రావలసిన నొప్పి ఒక రోజు ఆలస్యంగా, రైల్లో, పై బెర్తు ఎక్కుతుండగా వచ్చింది.

దేశంలోని విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీ అది. దక్షిణాది పోటీల్లో మా పిల్లలు ఆఖరి స్థానంలో గట్టెక్కి అర్హత తెచ్చుకున్నారు. అది పండగలా జరుపుకోవలసిన విషయం. కానీ బయల్దేరే ముందు మా పెద్దాయన ఒకరు పిలిచి, ఈసారి పతకం రాకపోతే వచ్చే ఏటి నుంచి ఆడపిల్లల జట్టును ఎత్తేస్తామని, మగపిల్లల జట్టు ఒక్కటి చాలని చల్లగా చెప్పారు. కెప్టెన్ స్రవంతి "సరే సార్" అని మాత్రం అని వచ్చేసింది.

స్రవంతిది సిరిసిల్ల. అమ్మా నాన్నా ఇద్దరూ మరమగ్గాల మీద పనిచేస్తారు. చదువు ఈ ఏటితో అయిపోతుంది, కనుక జట్టు ఉన్నా లేకున్నా ఆమెకు పోయేదేమీ లేదనుకున్నాను. రైల్లో అదే మాట అన్నాను.

"రజితను, ఇంకో నలుగురిని నేనే ఇండ్లకు వోయి అమ్మానాయినలను ఒప్పించి తెచ్చిన మేడం," అంది. "నేను వోయినంక జట్టే లేదంటే, వాళ్ళ ఊర్లకు మల్ల ఏం మొఖం పెట్టుకొని పోత?"

ఆ తర్వాత నా నడుము నొప్పి గురించి మాట్లాడాలంటే సిగ్గేసింది.

తీపి పప్పు, కారం మాట

సూరత్‌లో దిగగానే తెలిసింది, ఇక్కడ పప్పులో చక్కెర వేస్తారని. భోజనశాలలో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వడ్డించే ఆవిడ నన్ను "మేడంబెన్" అని పిలుస్తూ ఇంకో గరిటె వేసింది. అక్కడ ప్రతి ఆడమనిషీ ఒక బెన్, అంటే అక్కయ్య. ప్రతి మగమనిషీ ఒక భాయ్. మా దగ్గర మేడం అంటే దూరం, వాళ్ళ దగ్గర బెన్ అంటే దగ్గర. ఆ రెండూ కలిస్తే నేను. సూరత్‌లో తిండి, కాశీలో చావు దొరకాలంటే పెట్టి పుట్టాలని వాళ్ళ సామెతట. రెండో ముద్దకు ఆ రెండింటికీ ఎంతో దూరం లేదనిపించింది.

రజిత సంచిలోంచి మామిడికాయ తొక్కు డబ్బా తీసింది. రెండో సంవత్సరం పిల్ల, మా కుడి కార్నర్ ఆటగత్తె, జట్టులో అందరికన్నా పొట్టి. పొట్టితనం అంతా నోటితో భర్తీ చేస్తుంది. ఎదుటి బల్ల దగ్గర ఆతిథ్యం ఇస్తున్న విశ్వవిద్యాలయం జట్టు కూర్చుని ఉంది. అందులో ఒక పొడుగాటి అమ్మాయి. ప్రియా, ప్రియా అని పిలుస్తున్నారు. వాళ్ళ ప్రధాన రైడర్, అంటే కూతకు వెళ్ళే పిల్ల.

"గా కొంగకాళ్ళ పిల్లను సూడుండ్రి," అంది రజిత, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "ఒక కాలు మన కోర్టుల పెడితే ఇంకోటి వాళ్ళ కోర్టులనే ఉంటది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మేనేజరు మందలించాలని అప్పటికింకా నాకు తెలియదు. ఆ అమ్మాయి తలెత్తి చూసి తనూ నవ్వింది. లేచి వచ్చి, తొక్కు డబ్బా చూపించి, కొంచెం ఇమ్మన్నట్టు చెయ్యి చాపింది. రజిత ఉదారంగా పెద్ద గరిటెడు వేసి, ఇక తెల్లార్లూ కొంగ చెరువంతా తాగుతుందని మాకు వివరించింది. ఆ పిల్ల అక్కడే నిలబడి వట్టి తొక్కు వేలితో నాకి, తల ఊపి, వెళ్ళిపోయింది. కంట నీటిచుక్క లేదు. అప్పుడైనా మాకు అనుమానం రావలసింది.

సార్ కూతలు

మా పీడీ, అంటే పిల్లలకు ఆటలు నేర్పే రాజమల్లు సార్ గొంతు గురించి చెప్పాలి. ఆయన మా క్యాంపస్ గ్రౌండులో విజిల్ వాడరు, అవసరం లేదు. దక్షిణాది పోటీల్లో మాత్రం పాపం గుసగుసగా మాట్లాడవలసి వచ్చేది, ఎందుకంటే ఎదుటి జట్టు సగంసార్లు తెలుగువాళ్ళే. ఇప్పుడు గుజరాత్ వచ్చాం కనుక ఆ బాధ తీరిందని ఆయన రైల్లోనే ప్రకటించారు. "ఈడ మన మాట ఎవనికి సమజైతది?" అని.

మొదటి మ్యాచే ఆతిథ్య జట్టుతో పడింది. సార్ గీత పక్కన నిలబడి గొంతు విప్పారు. స్రవంతీ, లోపలికి రానియ్యి. రజితా, కాలు పట్టు. అందరూ కలిసి ఎడమకు జరగండి. రెఫరీ ఒకసారి వచ్చి బయటి నుంచి పాఠాలు చెప్పొద్దన్నాడు. సార్ అయిదు క్షణాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన కాలు పట్టమన్న క్షణానికి ఆ కాలు అక్కడ ఉండేది కాదు. లోపలికి రానివ్వమంటే ఆ పిల్ల గీత దగ్గరే నిలబడి నవ్వేది. ఎడమకు జరగమంటే కుడివైపున ఒకరిని తాకి వెళ్ళిపోయేది. కబడ్డీలో కూత ఆపితే ఆడేవాళ్ళు ఔట్. ఆ రోజు సార్ కూత ఆపక మేము ఔట్.

ఘోరంగా ఓడాం. కరచాలనాలప్పుడు ఆ పొడుగు పిల్ల రజిత దగ్గరకొచ్చి, సంచి భుజానికి తగిలించుకుంటూ చాలా మర్యాదగా అంది:

"కొంగ ఇగ పోతది అక్కా. తొక్కు మాత్రం మస్తుండె. మా అమ్మ గింత కారం ఎయ్యది."

రజిత నోరు తెరిచి మూయడం మరిచిపోయిన దృశ్యం నేను చూసినది అదొక్కసారే. రాజమల్లు సార్ పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. సూరత్ మగ్గాల మీద మన పల్లెల వాళ్ళు ఎందరు బతుకుతున్నారో మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. స్రవంతి మేనమామ కూడా కొన్నేళ్ళు ఇక్కడ పనిచేసి వెళ్ళాడు. నేనయితే తెలుగు ఎక్కడెక్కడ వినిపిస్తుందో ప్రతి ఏడూ మాతృభాషా దినోత్సవం నాడు ఉపన్యాసం ఇస్తాను. తెలిసిన విషయం తెలియవలసిన సమయానికి గుర్తుకు రాకపోవడమే చదువు అయి ఉంటుంది.

రేపు కొట్టుకుందాం

గ్రూపులో మిగతా రెండు మ్యాచులూ గెలిచాం. ఆ జట్లలో తెలుగు వచ్చినవాళ్ళు లేరని రజిత ముందే భోజనశాలలో ఒక్కొక్కరినీ తిట్టి చూసి నిర్ధారించుకుంది. క్వార్టర్ ఫైనల్ కూడా పొద్దున్నే గెలిచి ఊపిరి పీల్చుకునేసరికి, సెమీఫైనల్ ఎవరితోనో తెలిసింది. మళ్ళీ వాళ్ళే, మళ్ళీ కొంగే. గెలిస్తే పతకం ఖాయం. ఈ పోటీలో మూడో స్థానానికి పతకం లేదు కనుక ఓడితే ఇంటికి, వచ్చే ఏటికి జట్టు లేదు.

మధ్యాహ్నం ప్రియా మా గదికొచ్చింది. పూర్తి పేరు ప్రియాంక. వాళ్ళ నాన్న నర్సయ్యది సిరిసిల్ల దగ్గరి పల్లె. ఆమె పుట్టింది, పెరిగింది అంతా సూరత్‌లోనే. అందుకే ఆమె వాక్యం తెలుగులో లేచి, హిందీలో నడిచి, గుజరాతీలో కూర్చుంటుంది.

"అమ్మ బులాయించింది అక్కా, అందరిని. రేపు కొట్టుకుందాం, ఇయ్యాల తిందాం. చాలో."

దారిలో తాపీ నది పక్కన పోంక్ అమ్ముతున్నారు. చలికాలంలో మాత్రమే దొరికే పచ్చి జొన్నగింజలు, నిప్పుల మీద కాల్చి, సన్నటి కారప్పూసతో కలిపి ఇస్తారు. ఇక్కడివాళ్ళు దాన్ని తమకే సొంతమన్నంత గర్వంగా పెడతారు. మా పిల్లలు ఒక గుప్పెడు నోట్లో వేసుకుని, ఇది మన ఊచబియ్యం కదా అన్నారు. మా ఊళ్ళో చేను గట్టు మీద ఉత్తినే దొరికేది ఇక్కడ తూకానికి, అదీ తగని ధరకు. తినడం మాత్రం ఎవరూ ఆపలేదు.

సలాబత్‌పురాలో చీరల దుకాణం ముందు నా కాళ్ళు ఆగాయి. నీలం చీర. నా హిందీలో ధర అడిగితే దుకాణం అతను అయిదొందలన్నాడు. నేను స్రవంతి వైపు తిరిగి, వీడు వాలకం చూస్తే మూడొందలకు దిగేటట్టున్నాడని మన భాషలో చెప్పాను. "మూడొందల యాభై చేస్కోండ్రి మేడం, మాది కోరుట్ల," అన్నాడతను. పైసా బేరం చేయకుండా ఆ డబ్బు ఇచ్చి చీర తెచ్చుకున్నాను. రాజమల్లు సార్ ఆ రోజంతా నా వైపు చూసి నవ్వుతూనే ఉన్నారు, తన పొరపాటుకు మొదటిరోజు నుంచీ వెతుకుతున్న తోడు ఇప్పటికి దొరికినట్టు.

షెడ్డు మాట

ప్రియాంక వాళ్ళమ్మ లక్ష్మి ఒకే పొయ్యి మీద సర్వపిండి కాలుస్తూ, పక్కన సూరత్ లోచో పెట్టింది. శనగపిండితో చేసి ఆవిరి మీద ఉడికించే మెత్తటి పదార్థం అది. లోచో అంటే వాళ్ళ భాషలో గందరగోళమట, ఆకారం కుదరకే ఆ పేరు తెచ్చుకున్నట్టుంటుంది. నాకు దాని మీద వెంటనే సానుభూతి కలిగింది. తినడం అవుతుండగా, మగ్గాల షెడ్డు పక్క గల్లీలోనే ఉందని, నర్సయ్య ఇంకా పనిలోనే ఉన్నాడని లక్ష్మి చెప్పింది. చూస్తామని బయల్దేరాం. ప్రియాంక మాత్రం ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నాన్న తనను షెడ్డులోకి ఎప్పుడూ రానివ్వడట. ఆడపిల్ల చదువుకోవాలె, ఆడుకోవాలె, దుమ్ముల ఏం పని అంటాడట.

లోపల చప్పుడు గురించి రాయడానికి నా దగ్గర మాటల్లేవు, ఉన్నా అక్కడ ఎవరికీ వినపడవు. మగ్గాల వరుసల మధ్య మనుషులు నోరు విప్పకుండా హాయిగా మాట్లాడుకుంటున్నారు, చేతులతో. చిన్నప్పటి నుంచీ అమ్మానాన్నల మగ్గాల మధ్యే పెరిగిన స్రవంతి ఒక నిమిషం చూసింది. తర్వాత వరుస చివర నిలబడి, చెయ్యి పొట్ట మీద గుండ్రంగా తిప్పింది.

వరుస మొత్తం ఒక్కసారి మారిపోయింది. కబుర్లాడుతున్నవాళ్ళు మగ్గం మీదికి వంగారు. ఒకాయన చాయ్ గ్లాసు మాయం చేశాడు. తర్వాత ఒక్కొక్కరూ తలుపు వైపు చూసి, అక్కడున్నది షెడ్డు యజమాని సేఠ్ కాదు, నేనేనని గ్రహించి, నవ్వడం మొదలుపెట్టారు. ఆ సైగకు అర్థం 'సేఠ్ వస్తుండు' అని. సిరిసిల్లలో పుట్టిన సైగలు, మనుషుల వెంటే రైలెక్కి సూరత్ వచ్చాయి. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది, ఆగు అని. పిడికిలి బిగిస్తే ముడి వెయ్యి అని.

బయటికొచ్చాక నర్సయ్యను అడిగాను, సేఠ్‌కు ఈ సైగలు ఇన్నేళ్ళలో అర్థం కాలేదా అని. సన్నటి మనిషి, మీసాల నిండా నూలు దుమ్ము.

"ఎవలన్న చెప్తే గద మేడం," అన్నాడు. "షెడ్డు మాట షెడ్డు దాటది. పెండ్లానికి గూడ చెప్పం."

అందుకే పాఠకులకు ఒక మనవి. పైన రాసిన సైగలు ఉన్నవి ఉన్నట్టుగా రాయలేదు. పొట్ట మీద తిప్పేది నిజానికి పొట్ట మీద కాదు.

తిరిగి వస్తూ ఆటోలో స్రవంతి తన వేళ్ళు మడిచి విప్పుతూ కూర్చుంది. తర్వాత రాజమల్లు సార్ వైపు తిరిగి, "సార్, రేపు మీరు జర నోరు మూసుకుంటరా?" అంది. అంత గౌరవంగా ఆ మాట అనడం నేను ఇంకెక్కడా వినలేదు. సార్ ఒక్క క్షణం చిన్నబుచ్చుకుని, తర్వాత మెల్లగా తల ఊపారు. ఆ సాయంత్రం హాస్టల్ వెనక పిల్లలంతా మూగనోము పట్టినట్టు నిలబడి మూడు సైగలు సాధన చేశారు.

నోట్లో సోంపు

సెమీఫైనల్‌కు సార్ నోటి నిండా సోంపు పోసుకుని కూర్చున్నారు. గుజరాత్‌లో భోజనం తర్వాత వేసుకునేది, ఆయన ఆట మొదలవకముందే వేసుకున్నారు. ఆయన పక్కన నన్ను కూర్చోబెట్టారు, నోరు తెరిస్తే గిచ్చమని. మేనేజరుగా నేను సమర్థంగా నిర్వహించిన బాధ్యత అదొక్కటే.

గ్యాలరీలో నలభై యాభై మంది మగ్గం పనివాళ్ళు షిఫ్టు దిగి నేరుగా వచ్చి కూర్చున్నారు. ఎవరి పక్షమో వాళ్ళకే తెలియదు. ఇటు తమ ఊళ్ళ పిల్లలు, అటు తమ గల్లీ పిల్ల. ఎవరు పాయింటు తెచ్చినా చప్పట్లే. ముందు వరుసలో నర్సయ్య.

ఆట ఉయ్యాలలా ఊగింది. ప్రియాంక కూతకు వచ్చినప్పుడల్లా మా వైపు నుంచి వచ్చే మాట కోసం చెవి పెట్టేది. మాట రాకపోయేసరికి తడబడేది. ఎడమ చివర స్రవంతి వేళ్ళు కదిలేవి, మిగతావాళ్ళు కదిలేవాళ్ళు. అయినా ఆ పొడుగు కాళ్ళు ఊరుకుంటాయా, పాయింట్లు తెస్తూనే ఉంది. చివరికి ఇద్దరి పాయింట్లూ సమానమయ్యాయి. ఆఖరి కూత వాళ్ళది. ప్రియాంక గీత దాటింది.

ఆమె చూపు కుడివైపు, రజిత మీద. రజిత ఒక కాలు కాస్త ముందుకు పెట్టి ఎర వేసింది. ప్రియాంక వీపు వెనక స్రవంతి రెండు వేళ్ళు కత్తెరలా ఆడాయి. ఆగు. ఎవరూ కదలలేదు.

అప్పుడు నాకు గ్యాలరీ కనిపించింది. ఆ నలభై యాభై మందీ స్రవంతి చేతినే చూస్తున్నారు. తర్వాత ఏ సైగ వస్తుందో, దాని అర్థమేమిటో వాళ్ళందరికీ తెలుసు. నర్సయ్య అరిస్తే చాలు, 'బిడ్డా ఎనక్కి' అన్న ఒక్క మాట, ఆమె గీత దాటి బయటపడుతుంది. ఆయన కూతురు ఆమె. ఆయన పెదవులు కదిలాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, అవి ఎక్కడ మాట్లాడేస్తాయోనన్నట్టు. ఆయన పక్కవాళ్ళు కూడా ఒక్కరు పలకలేదు.

స్రవంతి పిడికిలి బిగించింది.

రజిత కాలు పట్టింది. ఎడమ నుంచి స్రవంతి, మధ్య నుంచి ఇద్దరు, ముడి పడింది. ప్రియాంక చెయ్యి చాపి చాపి, మధ్యగీతకు జానెడు దూరంలో కూత ఆపేసింది.

రాజమల్లు సార్ సోంపంతా ఊది ఒక్క కేక పెట్టారు. సగం సోంపు నా కొత్త నీలం చీర మీద పడింది. అయినా నేను గిచ్చలేదు.

గోల తగ్గాక ప్రియాంక, మోకాలు చెక్కుకుపోయి, నేరుగా నాన్న దగ్గరకొచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. స్రవంతి చేతుల గురించి జట్టులో ఎవరో అప్పటికే చెప్పారు కాబోలు.

"పప్పా, నీకు కనవడ్డది గదా?"

"కనవడ్డది."

"మరి ఒక్క మాట చెప్పకపోతివి."

నర్సయ్య వంగి ఆమె మోకాలు తుడిచాడు. "ఆటల నువ్వు ఓడితే రేపు మల్ల గెలుస్తవు బిడ్డా. షెడ్డు మాట ఒక్కపారి దాటితే మల్ల రాదు."

ఆమె అలిగి నాలుగడుగులు వెళ్ళి, వెనక్కి తిరిగి, స్రవంతి ముందు నిలబడి రెండు చేతులూ చాపింది. "నాకు నేర్పియ్యి. ఇయ్యాలనే." స్రవంతి నర్సయ్య వైపు చూసింది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. వద్దనలేదు.

ప్లాట్‌ఫారం

ఫైనల్ గురించి రెండు ముక్కలు: ఓడిపోయాం. ఉత్తరాది నుంచి వచ్చిన ఆ పిల్లలకు మా సైగలు అక్కర్లేదు, మా కేకలూ అక్కర్లేదు. మమ్మల్ని ఎత్తి అవతల పెట్టారు. అయినా వెండి పతకం మెడలో వేసుకుని పిల్లలు దిగిన ఫోటో ఊరు చేరిందో లేదో, మేమింకా సూరత్ స్టేషన్‌లో ఆగి ఉన్న రైల్లో ఉండగానే మా పెద్దాయన ఫోన్ వచ్చింది. ఆడపిల్లల జట్టు మీద తనకు మొదటి నుంచీ నమ్మకమేనని, వచ్చే ఏటికి కెప్టెన్ ఎవరో చెప్పమని. స్రవంతి ఫోన్ అందుకుని ఒకే మాట చెప్పింది: "రజిత, సార్." తర్వాత పై బెర్తు ఎక్కి, దుప్పటి మొహం మీద కప్పుకుని కొంతసేపు కిందికి దిగలేదు. దుప్పటి కదులుతుంటే మేమెవరం పిలవలేదు.

ప్రియాంక మమ్మల్ని సాగనంపడానికి వచ్చి కిటికీ బయట నిలబడి ఉంది. చేతిలో మా తొక్కు డబ్బా, రజిత ఇచ్చేసింది. రజిత ఆమెను ఇప్పటికీ కొంగ అనే అంటోంది, కానీ ముందు 'మా' చేర్చింది. లోపల మా పిల్లలు బెర్తుల మీద చెప్పులతో ఎక్కి, పతకాలు గలగలలాడిస్తూ, పాటలు పాడుతూ రైలుపెట్టె పైకప్పు లేపుతున్నారు. ప్లాట్‌ఫారం మీద ఇంజను కూత, కూలీల అరుపులు, ఒకరి మాట ఇంకొకరికి వినిపించడం లేదు.

ఉన్నట్టుండి ప్రియాంక మా వెనక ఎటో చూసి, గంభీరంగా చెయ్యి పొట్ట మీద గుండ్రంగా తిప్పింది.

పెట్టె మొత్తం ఒక్కసారి సర్దుకుంది. చెప్పులు కిందికి దిగాయి. రజిత ఎక్కడిదో పుస్తకం ఒకటి తెరిచింది. స్రవంతి దుప్పటి తీసి నిటారుగా కూర్చుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. చేతుల నిండా ఘారీ మిఠాయి పెట్టెలతో, చంకలో నీళ్ళ సీసాలతో రాజమల్లు సార్ వస్తున్నారు.

"ఏంది, అందరు గింత బుద్ధిగ ఉన్నరు?" అన్నారాయన అనుమానంగా, అందరినీ వదిలేసి నన్నే చూస్తూ.

నేనూ చెప్పలేదు.